నిరుటి పంచాంగం

నిరుటి పంచాంగంలో తప్పులుండవు. అందులోని తిథులు సరియైనవే, నక్షత్రాలు సరియైనవే. సూర్యోదయాస్తమయాలను గణించిన సిద్ధాంతిగారి పాండిత్యానికి వంక పెట్టవలసిన పని లేదు. అయినా ఉగాది వచ్చేసరికి ప్రతి ఇంటా కొత్త పంచాంగం తెచ్చుకుంటాము. నిరుటి దానిని ముందు పెట్టుకొని ఈ ఏటి పెండ్లికి ముహూర్తం నిర్ణయించే పురోహితుడు మనకెక్కడా కనిపించడు. పంచాంగానికి ఒక గొప్ప సుగుణం ఉన్నది. దాని అట్టమీదనే సంవత్సరం పేరు అచ్చయి ఉంటుంది. తాను ఎంతవరకు చెల్లుతానో అది తానే చెప్పుకుంటుంది.

మన కార్యాలయాలలోను, కర్మాగారాలలోను, నేడు ఇండ్లలో సైతం నిత్యావసరాలైపోయిన కంప్యూటర్ వ్యవస్థలకు కూడా వివరణ గ్రంథాలుంటాయి. వాటికి ఈ సుగుణం అన్నివేళలా ఉండదు. యంత్రం మారిపోతుంది, దానిని గూర్చిన పుస్తకం మారదు. చదువరి దానిని నమ్ముతాడు, నమ్మి దారి తప్పుతాడు. ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల డాక్యుమెంటేషన్‌ను ఎప్పటికప్పుడు సవరించుకుంటూ ఉండవలసిన అవసరాన్ని గూర్చి ఈ నెల ఈ శీర్షికలో ముచ్చటించదలచాము. ఇదేదో ప్రోగ్రామర్లకు మాత్రమే సంబంధించిన వ్యవహారమని తలచి పుట తిప్పివేయవద్దని పాఠకులకు మనవి. సెలవు దరఖాస్తు మొదలు విద్యుత్ బిల్లు వరకు మనం వెబ్‌సైట్ల ద్వారానే జరుపుకుంటున్నాము. కావున ఆ సైట్ల వెనుక ఉన్న కాగితం సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడం మనకూ అవసరమే.

చట్రం ఉచితం, మెకానిక్కు రాడు

వెబ్‌సైటు నిర్మించ పూనుకున్నవారు ప్రతి పనినీ మొదటినుండి తామే చేసుకోరు. ఇల్లు కట్టుకునే గృహస్థు ఇటుకలను తానే కాల్చుకోడు గదా! వినియోగదారుని పేరు, పాస్‌వర్డ్ సరిచూచి లోనికి అనుమతించడం, సమాచారాన్ని భద్రపరచి అడిగినప్పుడు తీసి చూపడం, పుటలను తీర్చిదిద్ది పంపడం, దురుద్దేశంతో వచ్చేవారిని వాకిటనే నిలిపివేయడం – ఈ పనులు అన్ని సైట్లకూ సామాన్యమైనవి. వీటిని ముందుగానే చేసిపెట్టిన చట్రాన్ని వెబ్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. బెల్జియం దేశస్థుడైన డ్రీస్ బైటార్ట్ 2001లో విడుదల చేసిన డ్రూపల్, అమెరికాలో 2005లో వెలువడిన జాంగో, 2010లో వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఈ కోవకు చెందినవి. వీటిలో డ్రూపల్ ప్రధానంగా సైటులోని సమాచారాన్ని నిర్వహించే వ్యవస్థ అయినప్పటికీ దానిమీద ఇతర వ్యవస్థలను నిర్మించుకునే వీలున్నందున చట్రంగానూ ఉపయోగపడుతున్నది.

ఇవి ఓపెన్ సోర్స్ అగుటచేత వీటి మూలరచనను ఎవరైనా చదువవచ్చు, మార్చుకొనవచ్చు, పంచుకొనవచ్చు. మన ప్రభుత్వం కూడా 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించే విధానాన్ని ప్రకటించింది. అంతకు ముందే, 2012లో, ప్రభుత్వ సమాచారాన్ని ప్రజల ముందుంచే జాతీయ డేటా పోర్టల్ ఢిల్లీలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఆధ్వర్యంలో ప్రారంభమైంది. దానిని కూడా డ్రూపల్ పైనే నిర్మించారు.

అయితే ఇందులో ఒక కిటుకు ఉన్నది. మనం ఒక టర్బైనునో కంప్రెసరునో కొన్నప్పుడు దానిని అమ్మిన కంపెనీ ఇంజనీరును పంపుతుంది. ఆయన నిలబెట్టి, నడిపించి, మనవారికి శిక్షణ ఇచ్చి వెళతాడు. ఉచితంగా లభించిన చట్రంతో ఏ ఇంజనీరూ రాడు. డబ్బిచ్చి నిపుణులను పిలిపించుకొనవచ్చుననుకోండి. కాని ఆ నిపుణుడు సైతం మొదట చదువుకున్నది ఆ వివరణ గ్రంథాన్నే. అంటే ఓపెన్ సోర్స్‌లో డాక్యుమెంటేషన్ అన్నది సరుకుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం కాదు, ఎన్నడూ రాని ఆ ఇంజనీరు స్థానంలో నిలిచి మాట్లాడేది అదే. ఆ మాట పాతబడితే మనకు దారి చూపేవారు వేరెవ్వరూ లేరు.

ఒక శుక్రవారం నాటి కలకలం

రాజధానిలో జరిగిన ఒక సంఘటన ఈ సందర్భంలో తలచుకొనదగినది. 2018 ఏప్రిల్ 6, శుక్రవారం. రక్షణ మంత్రిత్వ శాఖ వెబ్‌సైటు తెరచినవారికి రోజూ కనిపించే మొదటి పుట కనిపించలేదు. అనుకోని లోపం ఏర్పడినదనీ, కొంతసేపటి తరువాత మరల ప్రయత్నించవలసినదనీ ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని పైన చైనా లిపిని పోలిన ఒక అక్షరం మాత్రం కనిపించాయి. ఇంకేమున్నది! సరిహద్దుకు ఆవలివారు సైటును హ్యాక్ చేశారన్న వార్త గంటల వ్యవధిలో దేశమంతటా పాకిపోయింది. అధికారిక ప్రకటనలలో సైతం మొదట ఆ మాటే వినిపించింది. అదే రోజున మరికొన్ని మంత్రిత్వ శాఖల సైట్లు కూడా నిలిచిపోవడంతో ఆందోళన ఇనుమడించింది.

ఆ భయం పూర్తిగా అకారణమని కూడా అనలేము. సరిగా తొమ్మిది రోజుల ముందు, మార్చి 28న, డ్రూపల్‌లో ఒక తీవ్రమైన భద్రతా లోపం బయటపడినదని ఆ బృందమే ప్రకటించి, దిద్దుబాటును విడుదల చేసింది. కనుక అందరి మనస్సులూ అప్పటికే ఆ శంకతో ఉన్నాయి.

చివరకు తేలినదేమి? అది దాడి కాదు, హార్డ్‌వేర్‌లో ఏర్పడిన సాంకేతిక లోపమని సైబర్ భద్రతాధికారులు స్పష్టపరిచారు. మరి ఆ అక్షరం సంగతి? ఆ సైటును డ్రూపల్ మీద, 'జెన్' అనే పేరుగల థీమ్‌తో నిర్మించారు. థీమ్ అనగా సైటు రూపురేఖలను నిర్ణయించే అలంకరణ. సైటు తన సొంత చిహ్నాన్ని చూపలేని స్థితిలో, ఆ థీమ్‌తో పాటు వచ్చిన చిహ్నం దానంతటదే తెరమీదికి వచ్చింది. 'జెన్' అన్న మాటను వ్రాసే అక్షరమే అది. ఆ ఇంగ్లీషు వాక్యం కూడా లోపం ఏర్పడినప్పుడు డ్రూపల్ తనంతట తాను చూపే మామూలు వాక్యమే. ఇంకొక విశేషం చూడండి. మన 'ధ్యానం' అన్న మాటే బౌద్ధంతో పాటు చైనాకు వెళ్ళి 'చాన్' అయి, జపానులో 'జెన్' అయింది. మన దేశం నుండి వెళ్ళిన మాట మారు వేషంలో తిరిగివస్తే శత్రువని భ్రమపడ్డాము!

ఎవరినీ తప్పుపట్టడానికి ఈ ఉదంతాన్ని ఎత్తలేదు. పెద్ద వ్యవస్థలలో హార్డ్‌వేర్ లోపాలు సహజం. మా దృష్టిని ఆకర్షించినది వేరొక అంశం. ఏ సైటుకైనా దాని నిర్మాణాన్ని తెలిపే ఒక పుట ఉండాలి. వాడిన చట్రమేది, ఎన్నవ వెర్షన్, థీమ్ ఏది, లోపం ఏర్పడితే తెరమీద ఏమి కనిపిస్తుంది అన్న నాలుగు విషయాలు అందులో ఉంటే చాలును. ఆ పుట తాజాగా ఉండి, సమాధానం చెప్పవలసినవారి బల్లమీద ఉన్నట్లయితే ఇటువంటి సందేహం ఐదు నిమిషాలలో తీరిపోతుంది. అది లేనిచోట తన ఇంటి గోడమీది బొమ్మను తానే గుర్తుపట్టలేని పరిస్థితి ఎవరికైనా ఎదురు కావచ్చు.

ఒకే సంచిలో రెండూ

ఈ విషయంలో చక్కని క్రమశిక్షణ పాటిస్తున్న చట్రాలలో జాంగో ఒకటి. దీని పుట్టుక ఒక వార్తాపత్రిక కార్యాలయంలో జరిగింది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి 'లారెన్స్ జర్నల్-వరల్డ్' పత్రికలో పనిచేసే ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్ అనే యువకులు 2003లో తమ పత్రిక సైటు అవసరాల కోసం దీనిని రూపొందించనారంభించారు. 2005 జూలైలో ఇది లోకానికి వెల్లడైంది. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుని పేరు దీనికి పెట్టారు. వార్తాపత్రికలో పుట్టినందువలననో ఏమో, మంచి వివరణ వ్రాయడం కూడా చట్రం నిర్మాణంలో భాగమేనన్న భావం దీనికి మొదటి నుండీ అలవడింది.

వారి పద్ధతి వినడానికి సులభం. చట్రం మూలరచన ఉన్న చోటనే, దాని ప్రక్కనే, వివరణ కూడా ఉంటుంది. రెండూ ఒకే సంచిలోని సరుకు అన్నమాట. ఎవరైనా కొత్త సౌకర్యాన్ని చేర్చదలచి మార్పును పంపితే, దానితో పాటు పరీక్షలూ ఉండాలి, వివరణ పుటలలో చేయవలసిన మార్పూ ఉండాలి. వివరణ లేని మార్పు అసంపూర్ణమే. 'పని ముందు జరగనీ, పుస్తకం తరువాత వ్రాద్దాము' అన్న మాటకు అక్కడ తావు లేదు. తరువాత అన్నది ఎప్పటికీ రాదని అనుభవజ్ఞులకు తెలియనిది కాదు.

రెండవది, ఏ సౌకర్యం ఏ వెర్షన్‌లో వచ్చినదో, ఏ వెర్షన్‌లో మారినదో ఆ వాక్యం చెంతనే గుర్తు పెడతారు. పంచాంగం అట్టమీది సంవత్సరం పేరు వంటిదే ఇది. మద్దతు ముగిసిన వెర్షన్ల పుటలను తెరచినట్లయితే, ఇది భద్రత లేని పాత వెర్షన్‌కు సంబంధించినదనీ, కొత్తదానికి మారవలసినదనీ నెత్తిమీదనే హెచ్చరిక కనిపిస్తుంది. పాత పుటలను చించివేయరు, ఇంకా పాతదానిని నడుపుతున్నవారికి అవి కావాలి. కాని పాతవి కొత్తవిగా చెలామణి కాకుండా చూస్తారు.

మూడవది, దేనినైనా తొలగించదలచినప్పుడు ముందుగా నోటీసు ఇస్తారు. ఒక సౌకర్యాన్ని విరమిస్తున్నామని ఒక వెర్షన్‌లో ప్రకటించి, సాధారణంగా రెండు వెర్షన్ల తరువాత తొలగిస్తారు. ఈలోగా దానిని వాడేవారికి హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. డ్రూపల్ బృందం కూడా ఇటువంటి నియమాన్నే ఏర్పరచుకొన్నది. ఇతరుల పనిమీద ప్రభావం చూపే ప్రతి మార్పుకు 'చేంజ్ రికార్డ్' పేరిట ఒక విడి పత్రం వ్రాస్తారు. పాత పద్ధతి ఇది, కొత్త పద్ధతి ఇది అని రెండింటినీ ప్రక్కప్రక్కన చూపుతారు.

యంత్ర సహాయం కూడా కొంత ఉన్నది. పైథాన్ భాషలో 'డాక్‌టెస్ట్' అనే సాధనం 2001 నుండి ఉన్నది. వివరణలో వ్రాసిన ఉదాహరణలను అది నిజంగా నడిపి, చెప్పిన జవాబు వస్తున్నదో లేదో సరిచూస్తుంది. పుస్తకంలోని లెక్కలను ఎవరో ఒకరు ప్రతి ముద్రణకూ చేసి చూచినట్లు! అయితే ఉదాహరణ సరిగా ఉన్నదా అన్నంతవరకే యంత్రం చెప్పగలదు. చెప్పిన కారణం నిజమేనా, ఇచ్చిన సలహా నేటికీ మంచిదేనా అన్న ప్రశ్నలకు మనిషే జవాబు చెప్పాలి.

పాత పుస్తకం చేతిలో ఉంటే

ఈ శ్రమ అంతా ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కంప్యూటర్ విద్య నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని ఊహించండి. నయీ సడక్‌లో తక్కువ ధరకు దొరికిన జాంగో పుస్తకం ఒకటి కొన్నాడు. అది 2016 నాటిది. ఏ చిరునామా అడిగితే ఏ పుట చూపాలో తెలిపే వాక్యాన్ని 'యూఆర్‌ఎల్' అనే ఫంక్షన్‌తో వ్రాయమని అందులో ఉన్నది. 2017 డిసెంబరులో వచ్చిన 2.0 వెర్షన్ 'పాత్' అనే తేలిక పద్ధతిని ప్రవేశపెట్టింది. 2020 ఆగస్టులో పాత ఫంక్షన్‌కు విరమణ నోటీసు వెలువడింది. 2021 డిసెంబరులో వచ్చిన 4.0 నుండి అది లేనే లేదు. కుర్రవాడు తన కంప్యూటరులో కొత్త వెర్షన్‌ను పెట్టుకొని, పుస్తకంలోని వాక్యాన్ని అక్షరం తప్పకుండా కొడతాడు. పనిచేయదు. మరల కొడతాడు. లోపం పుస్తకానిదన్న ఊహ అతనికి రాదు. ఈ విద్య తనకు రాదేమోనని అనుకుంటాడు. ఇటువంటి పిల్లలు మన క్వార్టర్లలోనూ ఉంటారు. పాతబడిన పుట చేసే మొదటి అపకారం ఇదే, అది చదువరికి తనమీద తనకున్న నమ్మకాన్ని తీసివేస్తుంది.

ఇంతకంటె పెద్ద అపకారం మరొకటి ఉన్నది. పై ఉదాహరణలో పని ఆగిపోయింది గనుక లోపం తెలిసింది. కాని పాత సలహా పాటించినా పని జరిగిపోయే సందర్భాలుంటాయి. అవే ప్రమాదకరమైనవి. జాంగో 1.11 వెర్షన్‌కు భద్రతా దిద్దుబాట్లు 2020 ఏప్రిల్‌తో ముగిశాయి. డ్రూపల్ 7కు 2025 జనవరి 5తో ముగిశాయి. ఆ వెర్షన్లనే పెట్టుకొమ్మని చెప్పే కాగితాన్ని అనుసరిస్తే సైటు చక్కగా నిలబడుతుంది, పుటలు కనిపిస్తాయి, ప్రారంభోత్సవమూ జరుగుతుంది. కాని ఆపైన బయటపడే కంతలను పూడ్చే దిద్దుబాట్లు మూల బృందం నుండి రావు. తాళం వేసినట్లే ఉంటుంది, గడియ మాత్రం పడదు.

అందుచేతనే కాగితం అసలు లేకపోవడంకంటె పాత కాగితం ఉండడం ఎక్కువ ప్రమాదమని మా అభిప్రాయం. కాగితం లేనివాడు తెలిసినవారిని అడుగుతాడు, జాగ్రత్తగా అడుగు వేస్తాడు. పాత కాగితం ఉన్నవాడు ధైర్యంగా నడుస్తాడు.

ఇది మనకు తెలిసిన పాఠమే

ఆలోచిస్తే ఈ పాఠం ప్రభుత్వ రంగ ఉద్యోగులకు కొత్త కాదు. రైల్వేలో పనిచేసిన బంధువులున్నవారు 'కరెక్షన్ స్లిప్' అన్న మాట వినే ఉంటారు. నియమావళిలోనో మాన్యువల్‌లోనో ఒక పేరా మారితే, రైల్వే బోర్డు నుండి వరుస సంఖ్యతో ఒక సవరణ చీటీ వెలువడుతుంది. పుస్తకం ఉన్న ప్రతివారూ దానిని సరియైన చోట అతికించుకోవాలి. పాత పేరాను నమ్ముకొని పనిచేస్తే పట్టాలమీద ఏమి జరుగుతుందో చెప్పనవసరం లేదు. ఓపెన్ సోర్స్ బృందాలు ప్రతి వెర్షన్‌తో పాటు ప్రకటించే మార్పుల జాబితా ఈ సవరణ చీటీకి తమ్ముడే.

1987లో మొదట వెలువడిన ఐఎస్‌ఓ 9000 ప్రమాణాలు మన సంస్థలలో ప్రవేశించిన కాలం సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. పాతపడిన ప్రతులను పొరపాటున ఎవరూ వాడకుండా చూడవలెనన్నది ఆ ప్రమాణాలు నేర్పిన ముఖ్య సూత్రాలలో ఒకటి. డ్రాయింగు మూలన సవరణ సంఖ్య లేనిదే ఫిట్టరు దానిని చేతిలోనికి తీసుకోకూడదని నేర్చుకున్నాము. పైపు మార్చిన తరువాత 'యాజ్-బిల్ట్' డ్రాయింగు మార్చకపోతే, పది సంవత్సరాల తరువాత అక్కడ త్రవ్వేవాడి పార దేనికి తగులుతుందో మనకు తెలుసును. పైపుకు వర్తించే ఈ జాగ్రత్త ప్రోగ్రాముకు వర్తించదా?

చట్టం కూడా ఇదే మాట అంటున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని నాలుగవ సెక్షన్ ప్రకారం, ప్రతి ప్రభుత్వ సంస్థ తన విధులను, నియమాలను, మాన్యువళ్ళను గూర్చిన 17 అంశాలను తనంతట తానే ప్రకటించాలి. అంతటితో ఆగక, వాటిని ప్రతి సంవత్సరం సవరించాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉన్నది. ప్రకటించడం ఒక బాధ్యత అయితే, తాజాగా ఉంచడం మరొక బాధ్యత అని శాసనకర్తలు గుర్తించారన్నమాట. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో రూపొందిన మార్గదర్శకాలు సైతం 2018లోను, 2023లోను సవరణ పొందాయి. దారి చూపే పత్రమే తాను మారుతూ మనకు దారి చూపుతున్నది.

వీటన్నిటికంటె మనకు దగ్గరి సంగతి మరొకటి ఉన్నది. అది బదిలీ, పదవీ విరమణ. ఒక విభాగపు సైటును ఏడెనిమిదేండ్లుగా ఒక్కరే చూసుకుంటూ ఉంటారు. ఏ రాత్రి ఏ ప్రోగ్రాం నడవాలో, ఏది ఎప్పుడు మొరాయిస్తుందో ఆయనకే తెలుసు. ఒక నెలాఖరున శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ప్రసంగాలు చేసి సాగనంపుతాము. మరునాడు ఉదయం తెలుస్తుంది, శాలువాతో పాటు ఆ విభాగపు జ్ఞాపకశక్తి కూడా ఇంటికి వెళ్ళిపోయినదని! అల్మారాలో ఒక ఫైలు ఉంటుంది, అది ప్రారంభోత్సవం నాటిది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట ఇటువంటి సందర్భానికే తగినది. తెలిసినవారు కళ్ళెదుట ఉన్నప్పుడే పుటలను సరిచూపించుకోవాలి. వీడ్కోలు సభకు ముందు వారంలో కాదు, ప్రతి మార్పు జరిగిన రోజుననే.

వ్రాసేవారేరీ?

ఇంత ముఖ్యమైన పనికి చేతులు తక్కువ. ఓపెన్ సోర్స్ రంగాన్ని గూర్చి గిట్‌హబ్ సంస్థ 2017లో జరిపిన సర్వేలో, అసంపూర్ణమైన లేదా పాతబడిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురయ్యే సమస్య అని 93 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, తాము డాక్యుమెంటేషన్‌కు అరుదుగా మాత్రమే తోడ్పడతామని, లేదా ఎన్నడూ తోడ్పడమని 60 శాతం మంది ఒప్పుకున్నారు. ఊరందరికీ నీరు కావాలి, చెరువు పూడిక తీయడానికి మాత్రం మనుషులు రారు.

వచ్చినవారు కూడా సరియైన ఉద్దేశంతో రావాలి. 2020 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపినవారికి టీ-షర్టు ఇచ్చే ఉత్సవం ఒకటి జరిగింది. ఆ టీ-షర్టు కోసం ఎందరో వివరణ పుటలలో ఒక పొగడ్త మాటనో ఒక అనవసర విశేషణాన్నో చేర్చి పంపసాగారు. నిర్వాహకులు అదే నెలలో నియమాలు మార్చవలసి వచ్చింది. 2024 తొలి మాసాలలో ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్‌కూ ఇదే అనుభవం కలిగింది. మార్పు పంపే పద్ధతిని నేర్పే ఒక శిక్షణ వీడియోలో ఆ ప్రాజెక్టును ఉదాహరణగా చూపడంతో, మన దేశపు విద్యార్థులు పెద్ద సంఖ్యలో దాని పరిచయ పుటలో తమ పేర్లు చేర్చి పంపారు. జీతం లేకుండా పనిచేసే నిర్వాహకుల కాలం వాటిని తిరస్కరించడానికే సరిపోయింది. గుడి గోడమీద బొగ్గుతో పేరు వ్రాసుకోవడం భక్తి కాదని మన పిల్లలకు చెబుతాము గదా. ఇదీ అంతే.

ఆ ఉత్సాహాన్ని సరియైన దారిలో పెట్టగలిగితే ఎంత మేలు! చదువుకునే పిల్లవాడికి ఒక అధికారం ఉన్నది, అది నిపుణునికి లేదు. పుటలో ఎక్కడ అడుగు తడబడుతుందో కొత్తవాడికే తెలుస్తుంది. నిపుణుడు ఆ గుంతను ఏనాడో దాటివేసి మరచిపోయి ఉంటాడు. తాను తడబడిన చోటును గుర్తించి, ఏ వెర్షన్‌లో ప్రయత్నించినదీ, ఏమి వ్రాసి ఉన్నదీ, నిజానికి ఏమి జరిగినదీ మూడు వాక్యాలలో తెలియజేస్తే అది నిజమైన సేవ. పైథాన్ వాడుకరుల వార్షిక సదస్సు పైకాన్ ఇండియా 2016లో న్యూఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోను, 2018లో హైదరాబాదులోను జరిగింది. ఇటువంటి చోట్లకు మన పిల్లలను పంపడం మంచిది. జాంగో తన సందేశాలను చూపగల భాషలలో మన తెలుగు కూడా ఉన్నది. ఎవరో తెలుగువారు కూర్చొని ఆ మాటలను మన భాషలోనికి తెచ్చారు. చట్రానికి కొత్త సందేశాలు చేరినకొద్దీ ఆ పని కొనసాగుతూనే ఉండాలి.

ఆచరణలో

మన విభాగాలలో సొంతంగా సైట్లను, చిన్న చిన్న ప్రోగ్రాములను నడుపుతున్న మిత్రులకు కొన్ని సూచనలు చేయదలచాము. ఇవి ఖర్చుతో కూడినవి కావు.

ప్రతి వివరణ పత్రం మొదటి పుటలోనే అది ఏ వెర్షన్‌కు వర్తిస్తుందో, చివరిసారి ఎవరు, ఏ తేదీన సరిచూచారో వ్రాసి ఉంచండి. తేదీ లేని పత్రాన్ని సవరణ సంఖ్య లేని డ్రాయింగు వలెనే అనుమానించండి.

ప్రోగ్రాములో మార్పు, పత్రంలో మార్పు ఒకే పనిగా పరిగణించండి. రెండవది జరిగేవరకు మొదటిది పూర్తి అయినట్లు సంతకం చేయవద్దు.

వాడిన చట్రాల పేర్లు, వాటి మద్దతు ముగిసే తేదీలు ఒక పట్టికగా గోడకు తగిలించండి. ఉదాహరణకు, 2025 ఏప్రిల్‌లో వెలువడిన జాంగో 5.2 దీర్ఘకాలిక మద్దతు గల వెర్షన్. మూడు సంవత్సరాల భద్రతా దిద్దుబాట్లు దానికి లభిస్తాయి. వాడేవారు ఆ గడువును ఈనాడే పట్టికలో వ్రాసుకోవచ్చు.

కొత్తగా చేరిన ట్రైనీకి పత్రాన్ని ఇచ్చి, ఎవరినీ అడుగకుండా దాని ప్రకారం ఖాళీ కంప్యూటరులో వ్యవస్థను నిలబెట్టమనండి. అతడు ఆగిన ప్రతి చోటా పత్రం ఆగిపోయినట్లే. ఆ తప్పులను అతని చేతనే దిద్దించండి, అంతకు మించిన శిక్షణ లేదు.

అవసరం తీరిన పుటలను తీసి, పాతవని పేరు పెట్టి విడిగా ఉంచండి. చేర్చడం ఎంత ముఖ్యమో తీసివేయడం అంతే ముఖ్యం. అన్నిటికీ మించి, ప్రతి పత్రానికి ఒక బాధ్యుని పేరు వ్రాసి ఉంచండి. ఆయన బదిలీ అయిన రోజున ఆ పేరు కూడా మారాలి. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుంది.

పుస్తకం వ్రాసినవారిని లోకం మెచ్చుకుంటుంది, పుస్తకాన్ని సరిదిద్దుతూ ఉండేవారి పేరు ఎవరికీ తెలియదు. సబ్‌స్టేషన్‌లో ప్రతి గంటకూ లాగ్ బుక్కు నింపే ఆపరేటరు పేరు కూడా ఊరికి తెలియదు. ఊరిలో దీపాలు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. అటువంటి ఆపరేటర్లు, అటువంటి దిద్దరులు మన సంస్థలో ఎందరో ఉన్నారు. వారి సంఖ్య పెరగాలని, వారి పనిని పై అధికారులు వార్షిక నివేదికలలో గుర్తించాలని మేము కోరుతున్నాము. మీ విభాగంలోని వివరణ పత్రాలలో మిక్కిలి పాతది ఏదో ఈ వారమే వెదకి చూడండి. దానిమీద వ్రాసి ఉన్న తేదీని చదవండి. తేదీయే లేకపోతే, పని అక్కడినుండే మొదలుపెట్టండి.